100 డాలర్లలోపు వాల్‌ఐ జిగ్గింగ్ రాడ్ ఏది తీసుకోవాలి?

చెరువుగట్టు (మినియాపొలిస్), ఏప్రిల్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మిన్నెసోటా వచ్చి మూడేళ్ళయింది. చిన్నప్పుడు పంట కాలువ గట్టు మీద వెదురు కర్రకు గాలం కట్టుకుని కూర్చోవడం, బెండు మునగగానే లాగడం, నాకు వచ్చిన విద్య అంతవరకే. ఇక్కడ బెండూ లేదు, గట్టూ లేదు. కిందటి ఏడాది జూన్‌లో ఆఫీసులో ఒకాయన తన బోటులో మిల్ లాక్స్ సరస్సుకు తీసుకెళ్ళారు. ఇద్దరివీ ఒకేలాంటి జిగ్గులు (బరువు తల ఉన్న గాలాలు, అడుగుకు దింపి పైకీ కిందికీ ఆడించేవి), ఒకే డబ్బాలోంచి తీసిన మీనోలు (ఎరగా గుచ్చే చిన్న చేపలు). ఆయన నాలుగు వాల్‌ఐ చేపలు పట్టారు. నాకు ఒక్కటీ లేదు. చేపలు నా వైపు రావడం లేదేమో అనుకుని జిగ్ పైకి తీస్తే మీనోకి తోక వైపు సగం లేదు! ఎప్పుడు కొరికిందో, ఎప్పుడు వదిలేసిందో నా చేతికి తెలియనే లేదు.

నా దగ్గరున్నది పెద్ద స్టోర్‌లో రీలుతో కలిపి 45 డాలర్లకు కొన్న 7 అడుగుల మీడియం హెవీ రాడ్. మే నెల ఓపెనర్ (వాల్‌ఐ సీజన్ తెరిచే రోజు) లోపు జిగ్గింగ్‌కు పనికొచ్చే రాడ్ ఒకటి కొనాలి. ఒక్క రాడ్‌కే 100 డాలర్లు. అంతకు మించితే ఇంట్లో సమాధానం చెప్పుకోలేను. ఉండేది అపార్ట్‌మెంట్, కారు కరోలా. ఏది తీసుకోమంటారు?

మిల్‌లాక్స్ మావయ్య (సెయింట్ క్లౌడ్), ఏప్రిల్ 10, ఉదయం 6:15

తోక కొరికి పోయిందంటే మీరు సరైన చోటే ఉన్నారన్నమాట, ముందు అందుకు సంతోషించండి.

వాల్‌ఐ మన కొర్రమీనులా లాక్కుని పోయే రకం కాదండీ. నోరు తెరిచి నీళ్ళతో సహా జిగ్‌ను లోపలికి పీలుస్తుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. చేతికి అందేది ‘టిక్’మని ఒక చిన్న దెబ్బ. చాలాసార్లు అదీ ఉండదు. జిగ్ పైకెత్తేటప్పుడు తడిగుడ్డ తగులుకున్నట్టు మెత్తటి బరువు తెలుస్తుంది, అంతే. అది తెలియాలంటే ముందు జిగ్ బరువే చేతికి తెలుస్తూ ఉండాలి. మీ మీడియం హెవీకి ఎనిమిదో వంతు ఔన్సు జిగ్ కడితే కర్ర కొసకు అది ఉన్నట్టే తెలియదు.

పిడికి కాస్త పైన చిన్న అక్షరాలతో రెండు సంగతులు రాసి ఉంటాయి. పవర్ అంటే కర్రను వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే కర్ర ఎక్కడి నుంచి వంగుతుందన్నది. జిగ్గింగ్‌కు మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్ చూడండి. కొస ఒక్కటే మెత్తగా వంగాలి, నడుము గట్టిగా ఉండాలి. పొడవు 6 అడుగుల 3 అంగుళాల నుంచి 6 అడుగుల 8 అంగుళాల మధ్య. బోటులో కూర్చుని నిలువుగా దింపేవాడికి 7 అడుగులు ఎక్కువ, కొస ఎక్కడో దూరంగా ఉంటుంది.

మీ డబ్బుకు ఫెన్విక్ ఈగిల్ వస్తుంది. సేల్ ఉంటే సెయింట్ క్రోయి ట్రయంఫ్ కూడా ఆ దరిదాపుల్లో దొరుకుతుంది. ఆ కంపెనీది మన పక్కన విస్కాన్సిన్‌లోని పార్క్ ఫాల్స్. ఖరీదైనవి అక్కడే చేస్తారు, ట్రయంఫ్ మాత్రం మెక్సికోలో చేస్తారు. తేడా ఏమిటని అడగొద్దు, 100 డాలర్ల చేపకూ 300 డాలర్ల చేపకూ తేడా నాకింకా కనబడలేదు.

నోవై బుల్లోడు (మిషిగన్), ఏప్రిల్ 10, మధ్యాహ్నం 12:50

మావయ్యగారితో ఒక్కచోట విభేదిస్తాను. గట్టి కర్ర అయితే దెబ్బ తెలియదన్నది పూర్తిగా నిజం కాదు. చెరువుగట్టు గారూ, మీ రీలు మీద ఉన్న దారం ఏది?

చెరువుగట్టు, ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:05

దానితో పాటు వచ్చిందే. కాస్త లావుగా, పారదర్శకంగా ఉంటుంది. రీలులోంచి వదిలితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది.

నోవై బుల్లోడు, ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:20

దొంగ దొరికాడు. అది మోనో, అంటే ఒంటి పోగు నైలాన్ దారం. లాగితే రబ్బరులా సాగుతుంది. 20 అడుగుల లోతులో చేప చేసే చిన్న చప్పుడంతా ఆ సాగుడులోనే ఇంకిపోతుంది. దానికి తోడు గాలికి దారం విల్లులా వంగి ఉంటుంది. ఆ దారంతో 400 డాలర్ల రాడ్ పట్టుకున్నా మీ పని అంతే.

రాడ్ కొనకముందు బ్రెయిడ్ (జడలా అల్లిన దారం), 10 పౌండ్ల బరువు ఆపేది, ఒక స్పూల్ కొనండి, 15, 20 డాలర్లలో వస్తుంది. పవర్‌ప్రో 10 పౌండ్ల దారం లావు 2 పౌండ్ల మోనో అంత ఉంటుందని డబ్బా మీదే రాస్తారు. సన్నం కాబట్టి నీళ్ళు దాన్ని తొయ్యవు, సాగదు కాబట్టి కింద ఏం జరిగినా వేలికి తెలుస్తుంది. ముందు పాత రాడ్ మీదే వేసి చూడండి. తర్వాత రాడ్ సంగతి.

ఇంకొకటి. మేము ఏప్రిల్‌లో డెట్రాయిట్ నదిలో ఆడతాం. ఈరీ సరస్సు నుంచి గుడ్లు పెట్టడానికి వాల్‌ఐలు నదిలోకి ఎక్కుతాయి. అక్కడి ప్రవాహానికి ఎనిమిదో వంతు ఔన్సు జిగ్ ఎండుటాకులా కొట్టుకుపోతుంది. అర ఔన్సు, ముప్పావు ఔన్సు కట్టి, బోటును ప్రవాహం వేగానికే కదిలిస్తూ దారం నిట్టనిలువుగా ఉంచుతాం. దానికి మీడియం లైట్ చాలదు, మీడియం పవర్, ఎక్‌స్ట్రా ఫాస్ట్ కావాలి. కాబట్టి ‘వాల్‌ఐ రాడ్’ అని ఒకటి లేదు. మీరు ఏ నీళ్ళలో, ఎంత బరువు జిగ్ వేస్తారో అదే మీ రాడ్‌ను చెబుతుంది.

మిల్‌లాక్స్ మావయ్య, ఏప్రిల్ 10, రాత్రి 8:30

దారం మాట ఒప్పుకుంటున్నాను, అది నేనే ముందు అడగాల్సింది. నది మాటా నిజమే. కానీ ఆయన ఉండేది మా దగ్గర. సరస్సుల్లో 8 నుంచి 20 అడుగుల లోతు, పరక నుంచి పావు ఔన్సు జిగ్. (ఎనిమిదో వంతును మా నాన్న ‘పరక’ అనేవారు, పదహారో వంతు ‘వీసం’. జిగ్గుల డబ్బా తెరిచినప్పుడల్లా ఆ లెక్కలే గుర్తొస్తాయి.)

గట్టికర్ర (మాడిసన్), ఏప్రిల్ 11, రాత్రి 9:10

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? అగ్లీ స్టిక్ జీఎక్స్2 తీసుకో, 50 డాలర్ల లోపే అయిపోతుంది. మిగిలిన 50కి బ్రెయిడ్, జిగ్గులు, లైసెన్సు. నా దగ్గర రెండు ఉన్నాయి. మా పిల్లలు వాటితో కత్తియుద్ధం చేశారు, ఒకదాని మీద మా బావమరిది కూర్చున్నాడు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. గ్రాఫైట్ రాడ్ కొంటే మొదటి వారంలోనే కారు తలుపులో కొస ఇరుక్కుని ‘టప్’మంటుంది. సెన్సిటివిటీ సంగతి తర్వాత, ముందు రాడ్ ఉండాలి కదా.

ఎరబుట్ట (టొలీడో, ఓహియో), ఏప్రిల్ 11, రాత్రి 10:25

గట్టికర్ర తమ్ముడూ, పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నీ మాట నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నా పిల్లలిద్దరికీ అవే కొన్నాను. కానీ అందులో గ్రాఫైట్‌తో పాటు ఫైబర్‌గ్లాస్ కలిసి ఉంటుంది, కొస పూర్తిగా గ్లాసే. అందుకే విరగదు, అందుకే చప్పుడు కూడా కాస్త మందంగా అందుతుంది. బెండు వేసుకునేవాళ్ళకు పర్వాలేదు, అక్కడ కంటితో చూస్తాం. జిగ్‌లో చూసేదంతా వేలితోనే.

చెరువుగట్టు గారూ, షాపులో అందరూ రాడ్‌ను గాల్లో టపటపా ఊపి చూస్తారు. దానివల్ల తెలిసేదేమీ లేదు. మీ రీలు పట్టుకెళ్ళి బిగించండి. రీలు కాడను రెండు వేళ్ళ మధ్య ఉంచి మామూలుగా పట్టుకోండి. కొస దానంతటది కిందికి వాలిపోతుంటే రోజంతా మణికట్టు దాన్ని మోస్తూ ఉండాలి. సాయంత్రానికి చెయ్యి లాగేస్తుంది. తర్వాత గైడ్ల (కర్ర మీద దారం దూరే కళ్ళు) లోపలి రింగులను వేలితో తడమండి, ఎక్కడైనా గరుకు తగిలితే ఆ రాడ్ వద్దు. బ్రెయిడ్ అక్కడే తెగుతుంది.

ఇంకో చిట్కా ఉంది, నవ్వొద్దు. రాడ్ కొసను ఒకరు గొంతుకు ఆనించుకుని మాట్లాడాలి, రెండోవాళ్ళు పిడి పట్టుకోవాలి. మంచి బ్లాంక్ (రాడ్‌లోని కర్ర) అయితే ఆ మాట అదురు అరచేతికి తెలుస్తుంది. మావారు షాపు మధ్యలో నిలబడి కొస గొంతుకు ఆనించుకుని ‘శుక్లాంబరధరం’ అందుకున్నారు. 60 డాలర్ల రాడ్‌లో విష్ణుం దాకా ఏమీ వినబడలేదు. 90 డాలర్లదానిలో మొదటి అక్షరం నుంచే చెయ్యి జివ్వుమంది. పక్క వరుసలో ఒక పెద్దాయన మమ్మల్ని చూసి మెల్లగా వేరే వరుసలోకి వెళ్ళిపోయారు.

నోవై బుల్లోడు, ఏప్రిల్ 11, రాత్రి 10:40

అక్కా, ఆ వీడియో ఉంటే పెట్టండి.

ఎరబుట్ట, ఏప్రిల్ 11, రాత్రి 10:52

లేదు. ఉన్నా పెట్టను.

మా మామీ నదిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి విసిరేవాళ్ళు ఈ చర్చ చదివి 6 అడుగుల రాడ్ కొనేరు, మీకు 7 అడుగులైనా కావాలి. అది వేరే ఆట, మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

చెరువుగట్టు, ఏప్రిల్ 20, సాయంత్రం 7:15

అప్‌డేట్. బ్రెయిడ్ కొని పాత రాడ్ మీదే వేశాను. వాల్‌ఐ సీజన్ ఇంకా తెరవలేదు కదా, ప్లిమత్‌లో మెడిసిన్ లేక్ పియర్ మీద క్రాపీ చేపల కోసం వెళ్ళాను.

మొదటి అరగంట నరకం. చేప తగిలి రీలు తిప్పుతుంటే దారం రావడం లేదు, స్పూల్ మీద దారం మొత్తం ఒక ఉంగరంలా గిరగిరా తిరుగుతోంది! పక్కన ఒకాయన చెప్పాడు, బ్రెయిడ్ కింద పది చుట్లు మోనో వేసి దాని మీద కట్టాలట, లేకపోతే నున్నటి స్పూల్ మీద జారుతుందట. ఇది మీలో ఒక్కరూ చెప్పలేదు :)

అక్కడే కూర్చుని విప్పి మళ్ళీ చుట్టాను. ఆ తర్వాత పావు ఔన్సు జిగ్ దింపితే, నిజం చెబుతున్నాను, అడుగున బురద ఎక్కడ అయిపోయి రాళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలిసింది. బురదలో మెత్తగా దిగుతోంది, రాయికి ‘టక్’మంటోంది. ఏడాదిగా నేను కళ్ళకు గంతలు కట్టుకుని పట్టానన్నమాట. బుల్లోడు గారికి దండం.

కానీ పరక జిగ్ మాత్రం ఈ రాడ్‌తో అస్సలు లాభం లేదు. విసిరితే పది గజాలు పోవడం లేదు, దింపితే ఉందో లేదో తెలియడం లేదు. కాబట్టి రాడ్ కొనాల్సిందే. రెండు ముక్కలది తీసుకోవచ్చా? అతుకు దగ్గర సెన్సిటివిటీ పోతుందని ఎక్కడో చదివాను. పాత రీలు 4000 సైజు, అదే వాడొచ్చా?

మిల్‌లాక్స్ మావయ్య, ఏప్రిల్ 21, ఉదయం 6:05

మోనో సంగతి మర్చిపోయాం, తప్పు మాదే. నాకు అలవాటైపోయి అదొక విషయమన్న ధ్యాసే లేదు.

రెండు ముక్కలది నిశ్చింతగా తీసుకోండి. ఈ రోజుల్లో అతుకులు బాగా చేస్తున్నారు, మీ చేతికీ నా చేతికీ తేడా అందదు. కరోలాలో ఆరున్నర అడుగుల ఒంటి కర్ర పెట్టాలంటే ముందు సీటు మీదుగా డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళు దారి పొడవునా దాన్ని చూస్తూ ఉంటారు. అతుకు దగ్గర కాస్త కొవ్వొత్తి మైనం రుద్దండి. రెండు మూడు గంటలకోసారి వదులైందేమో చూసుకోండి.

రీలు మాత్రం 4000 వద్దు. అంత తేలిక రాడ్‌కు అది గుమ్మడికాయ కట్టినట్టు ఉంటుంది. 2000 లేదా 2500 చాలు. షిమానో సియెన్నా అయితే 40 డాలర్ల లోపు. డబ్బు తక్కువైతే రీలులో తగ్గించండి, రాడ్‌లో వద్దు. జిగ్గింగ్‌లో రీలుకు పెద్ద పని లేదు.

బ్రెయిడ్ చివర, జిగ్‌కు ముందు, మూడు, నాలుగు అడుగుల ఫ్లోరోకార్బన్ దారం ముక్క (లీడర్) కట్టండి, 8 పౌండ్లది. మిల్ లాక్స్‌లో జీబ్రా మసెల్స్ (చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి. రాళ్ళ నిండా బ్లేడుల్లా అతుక్కుని ఉంటాయి, వాటికి తగిలితే బ్రెయిడ్ ఇట్టే తెగుతుంది. ముడికి డబుల్ యూని నేర్చుకోండి. బిగించే ముందు ఉమ్మితో తడపడం మర్చిపోవద్దు.

విన్నిపెగ్ కుర్రాడు, ఏప్రిల్ 21, రాత్రి 11:30

నేను స్టూడెంట్‌ని, కెనడాలో. ఇక్కడ ఈ చేపను అందరూ పికెరెల్ అంటారు. మొదట్లో అది వేరే చేప అనుకుని నెల రోజులు ‘వాల్‌ఐ ఎక్కడ దొరుకుతుంది’ అని అడుగుతూ తిరిగాను.

నేను వాడేది బర్క్లీ లైట్నింగ్ రాడ్, మీడియం లైట్, సెకండ్ హ్యాండ్‌లో 25 కెనడా డాలర్లకు తీసుకున్నాను. గైడ్ ఒకటి వంకరగా ఉంటే సరిచేసుకున్నా. శరదృతువులో రెడ్ రివర్‌లో లాక్‌పోర్ట్ దగ్గర పచ్చ వీపు పికెరెల్స్ వస్తాయి, వాటిని దీనితోనే పట్టాను. మా మానిటోబాలో ముల్లు లేని గాలాలే వాడాలి, అది రూలు. దారం ఒక్క క్షణం వదులైనా చేప జారిపోతుంది. మెత్తటి కొస ఉన్న రాడ్ అయితే అది ఎప్పుడూ వంగే ఉండి దారాన్ని లాగి పడుతుంది. ఈ లాభం గురించి ఎవరూ చెప్పలేదని రాశాను.

గట్టికర్ర, ఏప్రిల్ 22, ఉదయం 7:40

సెకండ్ హ్యాండ్ బాగానే ఉంటుంది కానీ తమ్ముడూ, కొనే ముందు దూది ఒకటి తీసుకుని బ్లాంక్ పొడవునా తుడవాలి. దూది పోగు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టే. నేను ఇలా చూడకుండా ఒక గ్రాఫైట్ రాడ్ కొన్నా. మూడో చేపకే రెండు ముక్కలు. అదైతే కొనేటప్పుడు ఒంటి ముక్కే.

(అవును, నేనూ గ్రాఫైట్ కొన్నా. అందుకే అగ్లీ స్టిక్ అంటున్నా.)

నోవై బుల్లోడు, ఏప్రిల్ 22, ఉదయం 9:00

నిజం చెప్పు అన్నా, చేప బోటు పక్కకు వచ్చాక కర్రను నెత్తి మీదికి నిలువుగా ఎత్తావా లేదా?

గట్టికర్ర, ఏప్రిల్ 22, ఉదయం 9:12

...ఎత్తాను.

నోవై బుల్లోడు, ఏప్రిల్ 22, ఉదయం 9:20

అదీ సంగతి. అలా ఎత్తితే బరువంతా నడుము మీద కాక కొస మీద పడుతుంది, కొత్త రాడ్ అయినా విరుగుతుంది. బోటు పక్కకు వచ్చాక కర్ర పక్కకు వాల్చి, వల చేపకు ముందు నుంచి పెట్టాలి. ఎంత చిన్నదైనా కర్రతో పైకి లేపకూడదు.

చెరువుగట్టు, మే 2, రాత్రి 9:45

కొన్నాను. సెయింట్ క్రోయి ట్రయంఫ్, 6 అడుగుల 6 అంగుళాలు, మీడియం లైట్, ఫాస్ట్, రెండు ముక్కలు. సేల్‌లో టాక్స్‌తో కలిపి 100కి కాస్త పైన అయింది. ఆ ‘కాస్త’ గురించి ఇంట్లో చెప్పలేదు. 2500 రీలు బిగించి రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూశాను, కొస వాలలేదు. గొంతు పరీక్ష మాత్రం చెయ్యలేదక్కా, ఒంటరిగా వెళ్ళాను, సేల్స్ అబ్బాయిని పిడి పట్టుకోమని అడగడానికి మొహం చెల్లలేదు.

చెరువుగట్టు, మే 18, రాత్రి 10:20

ఓపెనర్ కబురు. ఈసారి మిల్ లాక్స్ కాదు, ఆ కొలీగ్ వాకర్ దగ్గర లీచ్ లేక్‌కు తీసుకెళ్ళారు. మూడు గంటలు పైగా డ్రైవ్. పొద్దున ఐదున్నరకు నీళ్ళ మీద ఉన్నాం. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి, కానీ గాలికి చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. ‘వాల్‌ఐ చాప్’ అంటే ఇదే అన్నారాయన. నీళ్ళు కదిలితే వెలుగు లోపలికి సరిగ్గా దిగదు, ఆ మసకలో ఈ పిల్లికళ్ళ చేపకు కనిపించినంత బాగా దాని ఎరకు కనిపించదట.

9 అడుగుల నీళ్ళు, పరక జిగ్, బతికున్న షైనర్ (ఎర చేప). అడుగు తగలనిచ్చి, జానెడు ఎత్తి, దారం బిగువుగానే ఉంచి దింపడం. ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి దింపుతుంటే జిగ్ అడుగు తగలాల్సిన లెక్కకు తగల్లేదు. మధ్యలోనే ఆగిపోయింది. దెబ్బ లేదు, టిక్ లేదు. దారం ఊరికే నిలబడిపోయింది. పాత రాడ్ అయితే ఇంకా దింపుతూనే ఉండేవాణ్ణి. మావయ్యగారి తడిగుడ్డ గుర్తొచ్చి మణికట్టు పైకి తిప్పాను. అవతల నుంచి ఎవరో తల అడ్డంగా ఊపినట్టు మూడు ఊపులు.

16 అంగుళాలు. కొలిచి, ఫోటో తీసుకుని, మళ్ళీ కొలిచాను. మధ్యాహ్నానికి ఇంకో రెండు. కనీసం నాలుగు నా చేతకానితనం వల్ల పోయాయి, కానీ పోయినవి కూడా చేతికి తెలిసి పోయాయి.

మిల్‌లాక్స్ మావయ్య, మే 19, ఉదయం 5:50

శభాష్! దింపేటప్పుడే ఎక్కువ పడతాయి, అది మొదటిరోజే పట్టుకున్నారు. వండారా?

చెరువుగట్టు, మే 19, ఉదయం 8:10

వండకుండానా? రెండు వేపుడు, ఒకటి పులుసు. వేపుడు ఆహా. పులుసులో మాత్రం ముక్క నిలవలేదు, గరిటె పెట్టగానే విడిపోయింది. కొర్రమీనులా ఉంటుందనుకున్నా.

ఎరబుట్ట, మే 19, మధ్యాహ్నం 12:15

గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి. పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి ఐదారు నిమిషాల్లో దింపేయండి. చేప చెంపల్లో రెండు చిన్న కండలుంటాయి, తలతో పాటు పారేశారా? పారేసే ఉంటారు. ఈసారి అవి నాలుగు చుక్కల నిమ్మరసంతో పెనం మీద వేయించండి.

మీ రాష్ట్రంలో ఫిల్లే (ఎముక లేని కండ) కోసి తీసుకొచ్చేటప్పుడు ఏ చేపో గుర్తుపట్టేందుకు ఒక అంగుళం తోలు ఉంచాలి, అది చూసుకోండి. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ ఉంటుంది, కడుపుతో ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలకు తరచుగా పెట్టొద్దు. చిన్నవి తినండి, పెద్దవి వదిలేయండి. గుడ్లు పెట్టేది అవే.

చెరువుగట్టు, మే 19, రాత్రి 9:30

చెంపలు పారేశాను :( చాలా థాంక్స్ అక్కా, అందరికీ థాంక్స్. పాత 7 అడుగుల మీడియం హెవీ, 4000 రీలు అలాగే ఉన్నాయి. మినియాపొలిస్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. నార్తర్న్ పైక్ చేపకు బాగా పనికొస్తుందన్నారు.

కొత్త సభ్యుడు 47 (ఈడెన్ ప్రైరీ), మే 19, రాత్రి 9:41

నమస్తే అన్నా, నెల నుంచి చదువుతున్నా, ఇదే నా మొదటి పోస్ట్. నాకు కావాలి. శనివారం ఉదయం వచ్చి తీసుకోనా? దాని మీద ఇప్పుడు మోనో ఉందా, బ్రెయిడ్ ఉందా?

చెరువుగట్టు, మే 19, రాత్రి 9:44

బ్రెయిడే, కింద మోనో కూడా ఉంది. తొమ్మిదికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని.